క్వాసారుల కొలిమి

కాలిఫోర్నియాలోని పాలొమార్ శిఖరము ఖగోళశాస్త్రమునకు రెండు చిక్కుప్రశ్నల నొసగినది. నక్షత్రమువలె కనబడు 3సి 273 అను క్వాసారు దాదాపు 200 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున నున్నదని 1963లో మార్టెన్ ష్మిట్ అచ్చటి 200 అంగుళముల దూరదర్శినితో గ్రహించెను. గెలాక్సీలనే మించిన ఆ వెలుగునకు ఇంధన మెక్కడిది? 1966లో హాల్టన్ ఆర్ప్ 338 వికృతాకారముల చిత్రసంపుటమును ప్రకటించెను. వానిలో పెక్కు గెలాక్సీలకు తోకలును, వాని నడుమ వంతెనలును ఏల ఏర్పడెను?

ఈ ప్రశ్నలను కలిపినవారు అలార్, యూరి టూమ్రె సోదరులు. చంద్రుడు సముద్రమునకు పోటు తెచ్చునట్లు, సమీపించిన గెలాక్సీల పరస్పరాకర్షణమే ఆ తోకలను సాగదీయునని 1972లో వారు కంప్యూటరు గణనములచే చూపిరి. అట్టి కలయికలో వాయువు కేంద్రమునకు జారి అచ్చటి కొలిమిని రగుల్చవచ్చునని సూచించిరి. ఆ కొలిమి మహాకృష్ణబిలమని నేడు శాస్త్రజ్ఞుల సమ్మతము.

తాను కూర్చిన చిత్రములే ఈ సిద్ధాంతమునకు ఆధారములైనను, ఆర్ప్ 2013లో మరణించువరకు క్వాసారుల దూరమును అంగీకరింపలేదు. ప్రకృతియు ఏ పక్షమునకును పూర్తిగా లొంగలేదు. 1990వ దశకమున హబుల్ దూరదర్శిని చూపిన క్వాసారుల ఆశ్రయ గెలాక్సీలలో కొన్ని ఢీకొనుచుండగా, కొన్ని ప్రశాంతముగా నుండెను. కలయిక ఒక మార్గమే గాని ఏకైక మార్గము కాదు.