మొక్కల లాటిన్ పేర్లలో లింగం

వరి శాస్త్రీయ నామం ఒరైజా సటైవా. వెల్లుల్లిది అల్లియం సటైవం. దోసది కుకుమిస్ సటైవస్. మూడు పేర్లలోనూ రెండో మాట ఒక్కటే. విత్తి పండించేది అని దాని అర్థం. మారింది చివరి అక్షరం మాత్రమే. లాటిన్‌లో ఒరైజా స్త్రీలింగం, అల్లియం నపుంసకలింగం, కుకుమిస్ పుంలింగం. విశేషణం తన విశేష్యం లింగాన్ని అనుసరించాలన్నది ఆ భాష నియమం. సంస్కృతంలో సుందరః, సుందరీ, సుందరమ్ అన్నట్టే లాటిన్‌లో సటైవస్, సటైవా, సటైవం. మొదటి మాటైన ప్రజాతి పేరు విశేష్యం, రెండో మాటైన జాతి పదం చాలాసార్లు విశేషణం. అందువల్ల ప్రజాతి పేరు ఏ లింగమో తెలియకుండా జాతి పేరును సరిగా రాయడం కుదరదు. ఆ లింగాన్ని నిర్ణయించేదేమిటన్న ప్రశ్నకు రెండువేల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో వ్యాకరణం పాత్ర కొంతే. వాడుక పాత్ర అంతకంటే పెద్దది.

మొక్కలోని ఆడ, మగ తేడాకూ ఈ లింగానికీ సంబంధం లేదు. తాటిలో పోతుతాడి వేరు, పెంటితాడి వేరు. ముంజలు కాసేది పెంటితాడే. బొరాసస్ ఫ్లాబెల్లిఫర్ అన్న పేరు మాత్రం రెంటికీ ఒకటే, అదీ పుంలింగం. బొప్పాయిలోనూ చాలా రకాల్లో ఆడ, మగ చెట్లు విడివిడిగా ఉంటాయి; కారికా పపాయా అన్న పేరులోని కారికా స్త్రీలింగం. పూలలో కేసరాలు పురుషాంగాలని, అండకోశం స్త్రీ అంగమని జర్మనీలోని ట్యూబింగెన్‌లో రుడాల్ఫ్ కామెరేరియస్ ప్రయోగాలతో చూపింది 1694లో. అప్పటికి రోమన్ల చెట్ల పేర్లు ఎంతో పాతవి. ప్రాచీన గ్రీకులు కూడా కొన్ని చెట్లను మగవని, ఆడవని విభజించారు గానీ అది ఎక్కువగా కలప గట్టిదనం, ఆకారం వంటి వాటిని చూసి చేసిన విభజన. ఆ అలవాటు మిగిల్చిన పేరొకటి ఐరోపాలో ఇప్పటికీ ఉంది. అక్కడి పచ్చికబయళ్లలో పూసే ఒక ఆర్కిడ్ పేరు ఆర్కిస్ మాస్కులా. మాస్కులా అంటే పురుష సంబంధమైనది. నేలలోని జంట దుంపల ఆకారాన్ని బట్టి గ్రీకులు ఆ మొక్కకు వృషణం అన్న అర్థంలో ఆర్కిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాట పుంలింగమే. కానీ వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని స్త్రీలింగంగా వాడుతూ వచ్చారు. అందుకే పురుష అన్న అర్థమిచ్చే విశేషణం కూడా స్త్రీలింగ రూపంలో నిలిచింది.

లాటిన్ నేర్చుకునేవారిని మొదట తికమక పెట్టేవి చెట్లే. అస్ అనే ముగింపు సాధారణంగా పుంలింగానికి గుర్తు. క్వెర్కస్, ఫేగస్, పైనస్, అల్మస్, మోరస్, ఫైకస్ అన్నీ అలాగే ముగుస్తాయి, అయినా అన్నీ స్త్రీలింగాలే. చెట్టు అనే అర్థమున్న ఆర్బోర్ కూడా లాటిన్‌లో స్త్రీలింగమే. రోమన్లు చెట్టును స్త్రీగా, దాని పండును నపుంసకంగా చెప్పారు: మేలస్ ఆపిల్ చెట్టు, మేలం ఆపిల్ పండు. సంస్కృతంలో ఆమలకీ అంటే ఉసిరిచెట్టు, ఆమలకం అంటే ఉసిరికాయ అన్నది కూడా ఇలాంటి ఏర్పాటే. రోమన్ల ఆ వాడుక వల్లనే రావి ఫైకస్ రెలిజియోజా అయింది, రెలిజియోజస్ కాలేదు. మేడి ఫైకస్ రెసిమోజా, మల్బరీ మోరస్ ఆల్బా, మాదీఫలం సిట్రస్ మెడికా అయ్యాయి. దీనికి మినహాయింపుగా నిలిచిన చెట్టు మేపుల్. దాని లాటిన్ పేరు ఏసర్ నపుంసకలింగం కాబట్టి ఎర్ర మేపుల్ ఏసర్ రూబ్రం. అలా ర్ అక్షరంతో ముగిసే నపుంసక పదాలు తెలుగు వంటింట్లోనూ ఉన్నాయి: మిరియాల పైపర్ నైగ్రం, శనగల సైసర్ ఎరైటినం, గసగసాల పపావర్ సోమ్నిఫెరం, అల్లానికి పెట్టిన జింజిబర్ అఫిసినేల్.

రోమన్ సామ్రాజ్యం పోయాక లాటిన్ పండితుల భాషగా మిగిలింది. దాని నుంచి పుట్టిన ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లో నపుంసకలింగం దాదాపు మాయమైంది. పైన్ వంటి చాలా చెట్ల పేర్లు వాటిలో పుంలింగాలయ్యాయి. ఇంట్లో ఆ భాషలు మాట్లాడుతూ పుస్తకం లాటిన్‌లో రాసే పండితుడికి చెట్టు లింగం గ్రంథాల్లో చూసి నేర్చుకోవలసిన సంగతైంది. మధ్యయుగాల మందుల గ్రంథాల ద్వారా అరబ్బీ మాటలు కూడా లాటిన్‌లో చేరాయి. భారతదేశపు ఖర్జూరం అన్న అర్థమిచ్చే తమ్ర్ హిందీ నుంచి టమరిండస్ పుట్టింది.

స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్ 1753లో స్పీషీస్ ప్లాంటారమ్ ప్రచురించేదాకా ఈ తికమక అంతగా బయటపడలేదని చెప్పాలి. అంతకుముందు ఒక్కో మొక్కకు ఒక వర్ణనా వాక్యమే పేరు. ఫలానా ఆకులతో, ఫలానా పూలతో కూడినది అన్నట్టు సాగే ఆ వాక్యంలో వర్ణించే మాటలు చాలావరకు తృతీయా విభక్తికి దగ్గరైన బహువచన రూపంలో ఉండేవి. అవి ఆకులు, పూల వంటి భాగాల పేర్లనే అనుసరించేవి కావడంతో ప్రజాతి పేరు లింగం ఏదైనా పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. లిన్నేయస్ సుమారు 6,000 జాతులకు రెండేసి మాటల పేర్లు ఇచ్చాడు. ఒక నామవాచకం, దాని పక్కన ప్రథమా విభక్తిలో ఒక విశేషణం: ఇక లింగాన్ని దాచే చోటు లేకపోయింది.

ఆ నిర్ణయాల్లో లిన్నేయస్ అన్నిచోట్లా ఒకే దారిలో నడవలేదు. చింతను టమరిండస్ ఇండికా అని స్త్రీలింగం చేశాడు, కుంకుడును సపిండస్ ట్రైఫోలియేటస్ అని పుంలింగం చేశాడు. రెండూ చెట్లే, రెండూ ప్రాచీన రోమన్లు ఎరగని పేర్లే; సపిండస్ అయితే భారతీయ సబ్బు అన్న రెండు మాటలను కుదించి కూర్చిన కొత్త పదం. రామ్నస్ అనే పొదను అతడు పుంలింగంగా రాశాడు. ప్రాచీనుల వాడుక స్త్రీలింగం కావడంతో తర్వాతివారు దాన్ని మార్చి రామ్నస్ కెథార్టికా అని స్థిరపరిచారు. జిన్సెంగ్ జాతిని పానాక్స్ క్విన్‌క్విఫోలియం అని నపుంసకంగా రాస్తే ఇప్పుడది పుంలింగంలో క్విన్‌క్విఫోలియస్.

గ్రీకు మాటలతో కూర్చిన పేర్లది మరో కథ. పువ్వు అన్న అర్థమున్న ఆంథోస్ గ్రీకులో నపుంసకలింగం. లాటిన్ వేషంలో ఆంథస్ కావడంతో వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని పుంలింగంగా వాడారు, మొక్కల పేర్లపై ఉన్న అంతర్జాతీయ నియమావళి కూడా ఆ వాడుకనే అంగీకరించింది. పొద్దుతిరుగుడు హీలియాంథస్ ఆన్యూయస్ అయింది ఆ దారిలోనే. చెట్టు అన్న అర్థమున్న డెండ్రాన్ మాత్రం గ్రీకు లింగాన్నే నిలుపుకొని నపుంసకంగా ఉండిపోయింది. చూపుకు స్త్రీలింగంలా ఉండి మోసం చేసేవి మా అక్షరంతో ముగిసే గ్రీకు పదాలు. కుండీల్లో పెంచే అగ్లోనీమా, కోకో చెట్టు ప్రజాతి థియోబ్రోమా నపుంసకలింగాలే. అందుకే అగ్లోనీమా కమ్యుటేటం, థియోబ్రోమా గ్రాండిఫ్లోరం. ముగింపు చూసి లింగం చెప్పబోతే పొరబాటు ఖాయమనడానికి పెద్దమాను మంచి ఉదాహరణ. దాని పేరు ఐలాంథస్ ఎక్సెల్సా. ఇందులోని ఆంథస్ గ్రీకు పువ్వు కానే కాదు. మొలుకస్ దీవుల స్థానిక నామాన్ని లాటిన్‌లో రాసేటప్పుడు గ్రీకు మాట అనిపించే అక్షరాలు చేరాయి. చెట్టు కాబట్టి స్త్రీలింగమైంది.

ఐలాంథస్ ఎక్సెల్సాకు ఆ పేరు పెట్టినది విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, 1780లలో సామర్లకోటలో ఉంటూ ఉత్తర సర్కారుల మొక్కలను వర్ణించి, బొమ్మలు వేయించాడు. వాటిలో 300 చిత్రాలు 1795 నుంచి మూడు సంపుటాలుగా కోరమండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో లండన్‌లో వెలువడ్డాయి. అతడు చేసిన మేలు మొక్కల తెలుగు పేర్లను కూడా నమోదు చేయడం. జ్వరానికి వాడే బెరడున్న సోమిడ మానును స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా అన్నాడు. 1830లో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు ఆద్రియెన్ ద జుస్యూ దాన్ని వేరే ప్రజాతిగా విడదీసి, తెలుగు పేరునే ప్రజాతి నామం చేశాడు: సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. చెట్లన్నీ అమహత్తులోకి పోయే తెలుగు నుంచి వెళ్లిన మాట లాటిన్‌లో స్త్రీలింగమైంది. తెలుగునేల అడవుల పేరొకటి శాస్త్రంలో ఇంత శాశ్వతంగా నాటుకోవడం చిన్న సంగతి కాదు.

లాటిన్, గ్రీకు కాని పేర్లకు లింగం ఎవరు చెప్పాలి? పేరు పెట్టినవారిదే మాట; వారు చెప్పకపోతే ఆ పేరును తర్వాత మొదట స్వీకరించినవారిది. అవిసె చెట్టు దక్షిణాది పేరు అగతి. మిషెల్ అడాన్సన్ 1763లో దాన్ని అగటి అన్న ప్రజాతిగా ప్రకటించాడు గానీ లింగం తెలిసే ఆధారమేదీ ఇవ్వలేదు. యాభై ఏళ్ల తర్వాత 1813లో దెవో అనే ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు అగటి గ్రాండిఫ్లోరా అని రాయడంతో అది స్త్రీలింగమని తేలింది. ఇప్పుడా చెట్టును సెస్బేనియాలో చేర్చినా, నియమావళి ఈ అంశానికి చూపే ఉదాహరణల్లో అగటి ఇంకా ఉంది. కర్రపెండలం మానిహాట్ కూడా అక్కడే కనిపిస్తుంది. 1754లో ఫిలిప్ మిల్లర్ ఇచ్చిన వర్ణనా వాక్యాల్లోని విశేషణాలను బట్టి అది స్త్రీలింగమని నిర్ణయించారు, అందుకే మానిహాట్ ఎస్కులెంటా. అదే విశేషణం బెండకు వచ్చేసరికి అబెల్‌మాస్కస్ ఎస్కులెంటస్.

మనుషుల పేరు మీద పెట్టిన ప్రజాతులు ఆ మనిషి పురుషుడైనా స్త్రీ అయినా స్త్రీలింగంలోనే ఉండాలన్నది ఆనవాయితీ. దేవకాంచనం బౌహీనియా బాహిన్ సోదరులిద్దరి జ్ఞాపకం, మోదుగు బ్యూటియా బ్యూట్ ప్రభువు జ్ఞాపకం. పురుషుల పేర్లే, లింగం మాత్రం స్త్రీ. జాతి పదం విషయంలో అలా కాదు. అది షష్ఠీ విభక్తిలో ఉంటే ప్రజాతి లింగంతో పని లేదు, మనిషిని బట్టే ముగింపు. శేషాచలం కొండల సైకస్ బెడ్డోమీ బెడ్డోమ్ అనే పురుషుడిది. జోసెఫ్ హుకర్ డల్‌హౌసీ ప్రభువు భార్య గౌరవార్థం పేరు పెట్టిన రోడోడెండ్రాన్ డల్‌హౌసియేలో ప్రజాతి నపుంసకం, జాతి పదం స్త్రీది. చిల్లగింజల స్ట్రిక్నోస్ పొటటోరమ్ కూడా షష్ఠీ రూపమే. తాగేవారిది అని అర్థం. బురదనీటిని తేర్చడానికి ఆ గింజలు వాడతారు. ముషిణి పేరులోని నక్స్ వామికా నామవాచకం కాబట్టి దేన్నీ అనుసరించదు.

ఒక జాతిని ఒక ప్రజాతి నుంచి మరొకదానికి మార్చినప్పుడే లింగం నిత్యవ్యవహారమవుతుంది. గంగరావి 1753లో హైబిస్కస్ పాపుల్నియస్, తర్వాత థెస్పీసియా పాపుల్నియా. రాచఉసిరిని లిన్నేయస్ అవెర్రోవా ఆసిడా అన్నాడు, ఫిల్లాంథస్‌లోకి వచ్చాక అది ఆసిడస్. తంగేడు కాసియా నుంచి సెన్నాకు, జమ్మి మిమోసా నుంచి ప్రొసోపిస్‌కు మారినా ఆరిక్యులేటా, సినరేరియా అలాగే ఉండిపోయాయి; పాత ఇల్లూ కొత్త ఇల్లూ స్త్రీలింగాలే. తీరప్రాంతాల్లో కంచెగా పెంచే ఒక పొద ఇంకా ఎక్కువ తిరిగింది. లిన్నేయస్ దాన్ని వోల్కమేరియా ఇనెర్మిస్ అన్నాడు. 1788లో గేర్ట్‌నర్ నపుంసకమైన క్లెరోడెండ్రంలో చేర్చడంతో ఇనెర్మే అయింది. డీఎన్ఏ పరిశోధనల వల్ల 2010లో తిరిగి వోల్కమేరియాలోకి వచ్చి మళ్లీ ఇనెర్మిస్ అయింది. 1990లలో ఉత్తర అమెరికా ఆస్టర్లను పెద్దఎత్తున సింఫియోట్రైకం వంటి ప్రజాతుల్లోకి మార్చినప్పుడు కార్డిఫోలియస్ కార్డిఫోలియం కావడం వంటి మార్పులు తోటమాలులకు ఒక్కసారిగా ఎదురయ్యాయి.

పేర్ల మీద అంతర్జాతీయ నియమాలు 1867లో పారిస్‌లో ఆల్ఫోన్స్ ద కండోల్ రూపొందించిన చట్టాలతో మొదలయ్యాయి. నేటి నియమావళి 62వ అధికరణం లింగం గురించే. వృక్షశాస్త్ర సంప్రదాయం ఇచ్చిన లింగమే చెల్లుతుందని, ప్రాచీన వాడుక గానీ మొదటి రచయిత ఎంపిక గానీ దానికి అడ్డురావని అది చెబుతుంది. ఫేగస్, డయోస్పైరోస్, యూకలిప్టస్, స్ట్రిక్నోస్ స్త్రీలింగాలని, లోటస్ పుంలింగమని పేరుపేరునా పేర్కొంటుంది. భాషాశాస్త్రం దృష్టిలో ఇది వింతే గానీ లక్షల పేర్లను నిలకడగా ఉంచడానికి ఇంతకంటే సరైన మార్గం లేదు. జాతి పదం ముగింపు తప్పుగా అచ్చయితే ఎవరైనా సరిదిద్దవచ్చు. పేరు పెట్టినవారి ఘనత, తేదీ మారవు. జంతుశాస్త్రంలో సీతాకోకచిలుకల నిపుణులు చాలామంది ఈ శ్రమ మాని, మొదట అచ్చయిన రూపాన్నే ఉంచేస్తున్నారు. వృక్షశాస్త్రం ఆ దారి పట్టలేదు.

కొత్త మొక్కను లాటిన్‌లోనే వర్ణించాలన్న నిబంధన 1935 జనవరి 1 నుంచి అమలులో ఉండేది. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్రజ్ఞుల మహాసభ దాన్ని సడలించింది. 2012 నుంచి వర్ణన ఇంగ్లీషులో కూడా ఉండవచ్చు. పేరుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. లాటిన్ అసలు చదవని పరిశోధకుడు కూడా కొత్త జాతికి విశేషణం ఎంచుకునే ముందు ప్రజాతి లింగం చూసుకోవలసిందే. అందుకు చాలామంది ఆశ్రయించేది 1966లో విలియం స్టెర్న్ రాసిన బొటానికల్ లాటిన్‌ను, లేదా అదే ప్రజాతిలో ముందునుంచి ఉన్న పేర్ల ముగింపులను.