2,222 మందికి బాప్తిస్మమిచ్చిన చేతులు ఎవరివి?

ఒంగోలు క్లౌ దొరగారి చరిత్రలో ఒకచోట 2,222 మంది బాప్తిస్మం పొందారని, మరొకచోట 3,536 అని చదువుతాం. రెండూ నిజమే. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మొదటిది ఒక్కరోజు లెక్క, రెండవది మూడు రోజుల మొత్తం. కాబట్టి లెక్కలు కలవకపోతే తప్పు పట్టకముందు, ఏ రోజు లెక్కో అడుగుదాం.

అయితే అందరికీ దొరగారే ఇచ్చారన్న మాట మాత్రం నిలబడదు. జూలై 3న నీళ్లలో దిగింది అభిషిక్తులైన ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులవారీగా ఇచ్చారు.

ఒక్క పేరే నిలిచి ఆరు పేర్లు చెరిగితే అది సగం సాక్ష్యమే. చీరాల చుట్టుపక్కల మన సంఘాల పాత రిజిస్టర్లకు చెదలు పట్టకముందే, మన పెద్దల పేర్లు వెదికి రాసుకుందాం.