సీలు పడిన సీసా

అమెరికాలో ఇంట్లో చేసుకున్న బీరును పోటీకి పంపాలంటే ముందు సీసా మీది పేరు తీసేయాలి. లేబుల్ గీకేసిన మామూలు గోధుమరంగు సీసా, రబ్బరు బ్యాండుతో కట్టిన ఓ చీటీ, చీటీ మీద ఎంట్రీ నంబరు, ఏ రకం బీరో ఆ వివరం. అంతే. చేసినవాడెవడో జడ్జికి తెలియకూడదు. ఇంటి బీరుకి అక్కడి ఫెడరల్ చట్టం అనుమతి ఇచ్చింది కూడా మరీ పాతకాలంలో కాదు, 1979 ఫిబ్రవరి నుంచి. అమ్మకూడదు గానీ తాగొచ్చు, పోటీకి పట్టుకెళ్లొచ్చు.

దానికి వందేళ్ల ముందు, 1879 మార్చిలో, మన గోదావరి మన్యం భగ్గుమంది. రంప పితూరీకి కారణాలు చాలా ఉన్నాయి, ముందు వరసలోది కల్లు. అప్పటికే చిగురుపన్ను కడుతున్న జనానికి, కొత్త ఆబ్కారీ ఏర్పాటు ఇంటికోసం గీసుకోవడమే నేరమని చెప్పి గుత్తేదార్లను నెత్తిన పెట్టింది. ఆ మంట భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. అక్కడ పోడు మీది ఆంక్షలు తోడయ్యాయి. (ఈ తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసుకి, 1959లో ఖమ్మం జిల్లాకి మారింది. 2014లో రేకపల్లి మళ్లీ ఆంధ్రలోకి పోయింది. ఆఫీసులు మారినంత తేలిగ్గా ఆబ్కారీ మారలేదు.)

జీలుగు కల్లు ఎటూ సీసాకి లొంగదు. చెట్టు దిగాక కూడా పులుస్తూనే ఉంటుంది, మూత బిగిస్తే పేలుతుంది. బీరువాళ్లు అదే గ్యాసును లెక్కగా వాడుకుంటారు. సీసాల్లో నింపేముందు కొలిచి కాస్త చక్కెర కలుపుతారు, నురగ అందుకే. ఇప్పసారా సంగతి వేరు. వేసవి మొదట్లో తెల్లారుజామున రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, పులిశాక కాచి ఆవిరి పడతారు. అది సీసాలో చక్కగా నిలవుంటుంది. అయినా లేబుల్ రాలేదు.

నిజానికి ఒకటి వచ్చింది. ఎక్సైజు వాళ్లు సారా పట్టుకున్నప్పుడు అందులోంచి శాంపిల్ ఓ సీసాలో పోసి, సీలు వేసి, చీటీ అంటిస్తారు. దాని మీద నేరం నంబరు, తేదీ, పంచుల సంతకాలు. ఆ సీసా కెమికల్ ల్యాబుకి పోతుంది. అక్కడా ఒకరు పరీక్షిస్తారు, కాకపోతే రుచితో పనిలేదు. పోటీ సీసా మీద పేరుంటే తిప్పి పంపుతారు. ఈ సీసా ఎవరి దగ్గర దొరికిందో రాయకపోతే కేసు నిలవదు.

1892లో బొంబాయి ప్రభుత్వం ఠాణా, కొలాబా జిల్లాల్లో ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం చేసింది. జనం తినే పువ్వు అది! స్వతంత్రం వచ్చాక, 1970ల్లో, గిరిజనులు సొంతానికి కాచుకోవచ్చని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. 1996 పెసా చట్టం మత్తు పానీయాల మీద నియంత్రణ గ్రామసభకూ ఇవ్వాలంది. 1992లో నెల్లూరు ఆడవాళ్లు తిరగబడ్డ సారా ఇది కాదు, అది కాంట్రాక్టరు సారా. ఈ తేడా ఇక్కడ చాలామందికి పట్టదు.

2021 నవంబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను హెరిటేజ్ లిక్కర్‌గా అమ్మనిస్తామని ప్రకటించింది. అలీరాజ్‌పూర్, డిండోరి గిరిజన సంఘాల సీసాలకి ఇప్పుడు బ్రాండు పేర్లున్నాయి. మన వైపు పువ్వునైతే జీసీసీ కిలోల లెక్కన కొంటుంది. భద్రాచలం పేరుతోనూ రేపు అలాంటి సీసా ఒకటి రావచ్చు. వస్తే, కాచిన కోయగూడెం పేరు లేబుల్ మీద ఏ సైజు అక్షరాల్లో ఉంటుందో చూడాలనుంది.