నల్లమల అడవి బంగళాలు



మీలో శివరాత్రికి కాలినడకను శ్రీశైలము పోయినవారికి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను తెలియని తావులు కావు. ఆ సీమలోనే, ఆత్మకూరునుండి దోర్నాలకు పోవు బాటలో, బైర్లూటి యను చెంచుగూడెము కలదు. ఇట్టి తావులందు అటవీశాఖవారు కట్టుకొనిన బంగళాలనుగూర్చి నేడు ముచ్చటించెదను.

చెన్నపట్టణపు ప్రభుత్వము 1856లో అటవీశాఖ నేర్పరచి, క్లెగ్‌హార్న్ అను వైద్యుని దానికి అధిపతిగా నియమించెను. వైద్యునికి అడవితో నేమిపని యందురేమో; ఆ కాలమున చెట్టుచేమల శాస్త్ర మెరిగినవారిలో వైద్యులే పెక్కురు. రైలుపట్టాల క్రింది దుంగలకు అడవులు తరిగిపోవుచుండెను. 1882లో మద్రాసు అటవీచట్టము పుట్టినది. ఊరి పసరము మేసిన గట్టు రిజర్వాయెను. మేపుకొనుటకు పుల్లరి కట్టవలసి వచ్చెను. గుర్రముపై తిరుగు అధికారి రాత్రి తలదాచుకొనుటకు బంగళాలు, వాని ప్రక్కనే బందెలదొడ్లు లేచినవి. పుల్లరి పోరులో పల్నాటి కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు బలియైన సంగతి మీరెరుగుదురు.

చిన్ననాట నేనొక బంగళాను చూచితిని. పేరు చెప్ప నక్కరలేదు. కరువేడు మా యెద్దులు రెండు హద్దురాయి దాటిపోగా బందెలో పెట్టిరి. మా నాయన ప్రొద్దుననుండి చింతచెట్టు క్రింద కూర్చుండెను. రేంజరుగారు సర్కీటునుండి వచ్చుసరికి దీపాలవేళ యైనది. జుల్మానా కట్టుటకు మా అమ్మ కడియములు కుదువకు పోయెను. బేతంచెర్ల బండలు పరచిన ఆ వసారా మాత్రము ఎంత చల్లగా నుండెనో! మా యెద్దులకు రెండు పూటలు నీళ్లుపెట్టినవాడు కావలి చెంచు. తన తాతలు తిరిగిన కొండకే తాను జీతపు కావలివాడు.

తరువాత కాలము మారినది. 1978లో నల్లమల అభయారణ్యమాయెను. 1983లో పులుల రక్షణపథకములో చేరెను. దుంగలు లెక్కించిన శాఖవారే పులి యడుగుల జాడ లెత్తసాగిరి. కడపసీమలో జెర్డన్ అను వైద్యుడు 1848లో చూచిన కలివికోడి, యిక లేదనుకొన్నది, 1986లో రెడ్డిపల్లెదగ్గర మరల కనబడెను. దానిని పట్టి చూపినవాడు పిట్టలు పట్టుకొను ఊరివాడే. శేషాచలమున శ్రీవేంకటేశ్వర జాతీయవనము 1989లో వెలసెను.

నేడు నల్లమల లోపల బేసుక్యాంపులలో చెంచుయువకులు కావలి కాయుచున్నారు. మొన్న నేనాపాత బంగళాకు మరల పోయితిని. బందెలదొడ్డి గోడ కూలినది. చింతచెట్టు కాయుచునే యున్నది.