ఎట్టయాపురమున వెలసిన తెలుగు సంగీత గ్రంథము

తిరునెల్వేలి సీమలోని తెలుగు పాలకుల చరిత్ర పాళెగాండ్ర యుద్ధములతోనే ముగిసినదని పలువురు తలంతురు. కాని ఆ సీమయందే, ఎట్టయాపుర సంస్థానపు విద్యావిలాసినీ ముద్రాక్షరశాలనుండి 1904వ సంవత్సరమున రమారమి 1700 పుటల తెలుగు గ్రంథ మొకటి వెలువడినది. అది సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. ఒక రాగమునకు ఏ ప్రయోగము సంప్రదాయసిద్ధము, ఏది కాదు అను వాదము పుట్టినప్పుడు విమర్శకులు నేటికిని తెరచి చూచునది ఈ పుస్తకమునే.

మొదటనే యొక మాట చెప్పవలెను. దీక్షితులవారు ఆంధ్రులు కారు; తమిళ స్మార్త కుటుంబమువారు. మన వారినిగా చెప్పుకొను ఉత్సాహము మనకు తగదు. ఎట్టయాపుర ప్రభువులు మాత్రము రాజకంబళ నాయకులు, ఇంట తెలుగు మాటాడువారు; తమ పూర్వులు చంద్రగిరినుండి వచ్చిరని వారి వంశకథ. ముత్తుస్వామి దీక్షితులు 1835లో తనువు చాలించినది ఆ యూరనే. ఆయన తమ్ముడు, ఫిడేలును మన సంగీతమునకు అలవరచిన తొలివారిలో నొకరైన బాలస్వామి దీక్షితులు అచట ఆస్థాన విద్వాంసుడు. 1839లో జనించిన తన దౌహిత్రుడు సుబ్బరాముని ఆయన దత్తత చేసికొనెను. పదునేడవయేట ఈ బాలుడు దర్బారు రాగమున వర్ణము రచింపగా, ప్రభువు అది తాతగారి చేతి పనియేమో యని శంకించి, యమునా రాగమున జతిస్వర మొకటి చేయుమని పరీక్షించెనట. బాలుడు గెలిచెను.

గ్రంథమునకు ప్రేరకుడు మదరాసువాడైన చిన్నస్వామి ముదలియారు. త్యాగరాజాదుల కృతులను పాశ్చాత్య స్వరలిపిలో 1892 ప్రాంతమున అచ్చొత్తించుట కారంభించిన క్రైస్తవుడు. ఆయన 1899లో ఎట్టయాపురము వచ్చి ప్రభువును వేడగా, ప్రభువు దీక్షితుల నాజ్ఞాపించెను. గురుముఖమున మాత్రమే వచ్చిన వంశవిద్యను అచ్చున కెక్కించుట, అరువదేండ్లు దాటిన విద్వాంసునకు సులభమైన పని కాదు.

తెలుగే యేల? అది సంస్థానపు భాష, సంగీతసాహిత్యమున తమిళులకును పరిచితమైన భాష. అంతకన్న ముఖ్యము లిపి. ముత్తుస్వామి దీక్షితుల సంస్కృత కృతులలోని వర్గాక్షరములకు తమిళలిపిలో వేర్వేరు రూపములు లేవు; తెలుగున నవి చక్కగ నిముడును. అట్టి కృతులు 229 వరకు ఇందు గలవు. ఒక్కొక్క గమకమునకు ఒక్కొక్క గుర్తు నేర్పరచి స్వరముపై నిలిపిరి. వినోద మేమనగా, తెలుగు గ్రంథమున ఆ గమకముల పేర్లలో ఏట్రజారు, ఇరక్కజారు, ఒదుక్కల్ అను తమిళ పదములు నిస్సంకోచముగ నిలిచియున్నవి. ఆ యూరి వ్యవహారమే యట్టిది.

ఆయన విమర్శపద్ధతి లక్షణమును చెప్పి లక్ష్యముచే నిరూపించుట. 72 రాగాంగములలో ఒక్కొక్కదానికి శ్లోకము, లక్షణగీతము, తానము, కృతులు, చివర తన సంచారి. అభిప్రాయము కన్న సాక్ష్యమునకు పెద్దపీట. అయినను ఆయన నిష్పక్షపాతి యనలేము. తన వంశపు ఆస్తి కిచ్చిన చోటు త్యాగరాజకృతుల కీయలేదు. వేంకటమఖి పేర నుదహరించిన రాగలక్షణ శ్లోకములు ‘చతుర్దండి ప్రకాశిక’లో లేవనియు, తరువాతి తరమువారివనియు పరిశోధకులు తేల్చిరి. ఆయన వానిని కల్పింపలేదు. తన యింటి తాళపత్రములను నమ్మెను. ఈ తేడా నెరుగక ఆయనను తప్పుపట్టుట అన్యాయము. పలువురి చరిత్రలతో కూడిన ‘వాగ్గేయకార చరితము’ మాత్రము, కథలు కొంత కలిసినను, వేరొకచోట దొరకని భాండారము.

1906లో దీక్షితులు గతించిరి. అదే యూర జన్మించిన సుబ్రహ్మణ్య భారతి తమిళమున స్మృతిగీతము వ్రాసెను. తెలుగు చదువగల తమిళ గాయకులు తగ్గినకొలది గ్రంథము అలమారులకే పరిమిత మయ్యెను. మదరాసు సంగీత విద్వత్సభ 1961 నుండి దానిని తమిళలిపిలో సంపుటములుగా వెలువరించెను. తెలుగు ప్రతిని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ తిరిగి ముద్రించెను. నేడు తూత్తుక్కుడి జిల్లాలో నున్న ఆ యూర తెలుగు మాటాడు కుటుంబములు ఇంకను గలవు. వారిలో తెలుగులిపి చదువగలవారు మాత్రము అరుదు.