కెమెరా తనది, కూలి ఎవరి చేతిలో?

సి.బెళగల్, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఏటా జనం సుగ్గికి పోతారు. తాళాలు పడిన ఇళ్లు, వాకిట్లో మిగిలిపోయిన ముసలివాళ్లు ఏటా టీవీలో కనబడతారు. ఆ బొమ్మ తీసినవాడికి కూలి ఎంత? అతను ఏ వాడ మనిషి? ఈ రెండూ ఒకే ప్రశ్న అని మేము అంటున్నాం.

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికల కోసం చేసింది. అందులో న్యూస్ ఫొటోగ్రాఫరు ఉన్నాడు, ప్రూఫ్‌రీడరు కూడా ఉన్నాడు. టీవీ కెమెరామన్ లేడు. అప్పటికి దేశంలో టీవీయే లేదు కాబట్టి ఆ తప్పు పట్టనక్కర్లేదు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చినా ఆ నిర్వచనం కదల్లేదు. 2011లో నోటిఫై అయిన మజీథియా సిఫార్సులు సైతం పత్రికలకూ వార్తా సంస్థలకే.

దూరదర్శన్‌లోనూ రోజుల లెక్కన పిలిపించుకునే పద్ధతి ఉండేది. ఏడాదిలో 120 రోజులు పనిచేసిన క్యాజువల్ వాళ్లను పర్మనెంటు చేసే పథకం 1992లో గానీ రాలేదు. అయినా అది సర్కారు కొలువు, రిజర్వేషన్ వర్తించింది. ప్రైవేటు ఛానళ్లకు వేతన సంఘమూ లేదు, రిజర్వేషనూ లేదు.

ఇక మండలాల్లో పనిచేసే స్ట్రింగరు సంగతి. కెమెరా తనదే, బండి తనదే, పెట్రోలూ తనదే. ఒకప్పుడు టేపును బస్సులో కర్నూలుకు పంపేవాడు, తర్వాత నెట్ సెంటరు, ఇప్పుడు ఫోను. వార్త వాడుకుంటేనే ముక్కకింత. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగాయి. ఆ నీళ్లలో సొంత కెమెరా తడిస్తే నష్టం ఎవరిది? దసరా రాత్రి దేవరగట్టులో కర్రలు లేచి తలలు పగిలే చోట, కాగడాల వెలుగులో నిలబడి తీసేదీ ఇతనే. కోతకు పోయే కూలీ కూడా కొడవలి తనే తెచ్చుకుంటాడు, నిజమే. కానీ అతనికి సాయంత్రానికి కూలి లెక్క తేలుతుంది.

మరి స్ట్రింగరు బతికేదెట్లా? ప్రకటనల కమీషన్ మీద. ప్రకటన ఇచ్చేది కాంట్రాక్టరు, నాయకుడు. అంటే పొలమో పలుకుబడో వెనకున్నవాడే ఈ పనిలో నిలబడగలడు. సుగ్గికి పోయే ఇంటి పిల్లవాడు కెమెరా ముందే ఉంటాడు, వెనక్కి రాలేడు. జీతం లేకపోవడం ఒట్టి పేదరికం కాదు, అది కులం కట్టిన గేటు. 2006లో ఢిల్లీలో 37 మీడియా సంస్థల్లో 315 మంది పెద్ద స్థానాల వారిని సర్వే చేస్తే ఒక్క దళితుడూ, ఒక్క ఆదివాసీ తేలలేదు. పై మెట్టు మీద అట్లా ఉంటే కింది మెట్టు మీద ఇట్లా ఉండటంలో వింతేముంది?

2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఎలక్ట్రానిక్ మీడియాను జర్నలిస్టు నిర్వచనంలోకి తెచ్చింది, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చింది. పార్ట్‌టైం వాళ్లూ అందులో ఉన్నారు. కానీ 'ఉద్యోగి' అన్న మాట దగ్గరే చిక్కు: ముక్కకింత పుచ్చుకునేవాణ్ణి ఛానల్ తన ఉద్యోగి అని ఒప్పుకోదు. ఆ కోడ్ ప్రకారం ఉద్యోగికి నియామక పత్రం ఇచ్చి తీరాలి. మన సంఘాలు ముందు అడగాల్సింది ఆ కాగితం. అది చేతికొచ్చేదాకా పంపిన ప్రతి క్లిప్పు తేదీ, వచ్చిన ప్రతి రూపాయి లెక్క రాసి పెట్టుకోవాలి.