కట్టు విప్పిన తర్వాత

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు దెబ్బల వైద్యం గురించి రాసేవాళ్లు పుత్తూరు కట్టుతో మొదలుపెట్టి కుప్పం పీఈఎస్ వైద్య కళాశాలతో ముగిస్తారు. 1881లో కేశవరాజు మొదలుపెట్టిన ఆ పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దల వైద్యం అందరికీ తెలిసిందే. కట్టు మేలా, ఆపరేషన్ మేలా అన్న వాదన అంతా ఎముక అతకడం గురించే. అతికాక బిగుసుకుపోయిన మోచెయ్యి, చిక్కిపోయిన తొడ కండ మళ్లీ పనికి ఎలా వస్తాయన్నది ఆ రాతల్లో కనబడదు.

ఆ ప్రశ్నకు జవాబు ఈ సీమకు ఎముకల వైద్యం నుంచి కాక క్షయ, కుష్ఠు రోగుల మంచాల దగ్గర నుంచి వచ్చిందని నా అభిప్రాయం. 1912లో మదనపల్లెలో ఫ్రీమోట్ మొల్లర్ ప్రారంభించి, 1915లో ఆరోగ్యవరానికి చేర్చిన క్షయ శానిటోరియం ఆ కాలపు పద్ధతికి చెందినది: జ్వరం ఉన్నన్నాళ్లూ విశ్రాంతి, తగ్గాక కొలిచి పెంచే నడక. దీన్ని ఫిజియోథెరపీ అంటే అతిశయోక్తే. కానీ బలాన్ని మోతాదు ప్రకారం తిరిగి తేవచ్చన్న ఆలోచన అందులో ఉంది.

అసలు మలుపు రాయవేలూరులో వచ్చింది. అది తమిళనాడు కదా అని మనవాళ్లు వదిలేస్తారు. 1911 దాకా చిత్తూరూ వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. మదనపల్లెలోని మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రీ, వేలూరులో ఐడా స్కడర్ వైద్యమూ ఆర్కాటు మిషన్ అనే ఒకే క్రైస్తవ సంస్థ నీడన పెరిగాయి. 1940ల చివర వేలూరులో సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠుతో ముడుచుకుపోయిన వేళ్లకు స్నాయువులు మార్చి కుట్టాడు. కుట్టినంత మాత్రాన చెయ్యి పలకదు. కొత్త పనిని కండకు సాధనతో నేర్పాలి. చేతులు బాగైతే బిచ్చం తగ్గుతుందన్న రోగుల గోడు విన్నాక, వాళ్లకు వడ్రంగం నేర్పే నవజీవ నిలయం కూడా వచ్చింది. 1954లో ఒక ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేసి, తర్వాత న్యూయార్క్‌లో చదువుకొని, 1966లో వేలూరులో పునరావాస కేంద్రాన్ని నిలబెట్టారు. వైద్యం ముగిసిందనడానికి కొలత ఎక్స్‌రే కాదు, మనిషి చేయగలిగే పని అని స్పష్టం చేసింది వీళ్లే.

ఆ కొలతతో చూస్తే ఇప్పటి స్థితి నాకు తృప్తినివ్వదు. క్షయకు ఇంటి దగ్గర మందులు చాలని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చింది, అది మేలే. కానీ బలం వచ్చేదాకా రోగిని కనిపెట్టుకునే అలవాటు కూడా ఆ వార్డులతోనే పోయింది. ఇప్పుడు ఎముక విరిగినా రాడ్ వేసి ఇంటికి పంపుతారు. ఫిజియో అంటే కరెంటు పెట్టించుకోవడమే అనుకునేవాళ్లు ఎక్కువ. మదనపల్లె మార్కెట్‌లో టమోటా బాక్సులెత్తే హమాలీకి భుజం, పుంగనూరు పల్లెలో గొంతుక్కూర్చొని పాలు పిండే ఇల్లాలికి మోకాలు ఎంతవరకు వంగాలో ముందే అడిగి, దానికి తగ్గ సాధన ఇచ్చే ఏర్పాటు పల్లె దగ్గరి ఆసుపత్రుల్లోనే ఉండాలి. బస్సు ఛార్జీ పెట్టుకొని, కూలి పోగొట్టుకొని వారానికి మూడుసార్లు పట్నానికి రమ్మంటే ఎవరూ రాలేరు.